ఫైలుకు కట్టే చీటీ

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పాత దస్తావేజుల స్కానింగు పూర్తయిందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు పంపిన ఫైళ్ల పేర్లే మింగుడు పడలేదు. ‘తాతగారి-పల్లపుపొలం-తెలుగు-అసలు-కొత్తది-రెండు’... ఇది పేరా, దండకమా? పేరు పొట్టిగా ఉంచి, మిగతా వివరాన్ని ఫైలుకే చీటీలా కట్టు. లినక్స్‌లో దాన్ని ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్ అంటారు.

ముందు ‘ఆటర్’ (ఏ, టీ, టీ, ఆర్) అనే ప్యాకేజీ వేసుకో. ‘సెట్’ పక్కన ఎఫ్, ఏ, టీ, టీ, ఆర్ కలిపి కొడితే చీటీ కట్టే ఆదేశం. ‘గెట్’ పక్కన కలిపితే చదివే ఆదేశం. కట్టేటప్పుడు -ఎన్ తరువాత చీటీ పేరు, -వీ తరువాత విషయం, చివర ఫైలు పేరు. చీటీ పేరు ‘యూజర్.’ అనే మొదలవ్వాలి, ఆ చుక్కతో సహా. అది మరిచి, ‘ఈ పని కుదరదు’ అని యంత్రం అంటుంటే డిస్కు పాడైందేమోనని ఒక పూటంతా వృథా చేశాను. తీసేయడానికి -ఎక్స్.

మొదట లిపి రాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది కదా, మా తాతగారి కాగితాలు తెలుగులో, మా నాన్నగారివి ఒడియాలో ఉన్నాయి. ‘యూజర్.లిపి’ అని ఒక చీటీ ఉంటే వెతుకులాట తగ్గుతుంది.

విషయాన్ని తెలుగులో రాసినా ఇబ్బంది లేదు. అయితే -డీ తో చదివితే సున్నా, ఎస్ అని మొదలయ్యే గజిబిజి కనిపిస్తుంది. కంగారు పడకు, అది బేస్64 రూపం, అంటే విషయాన్ని ఇంగ్లీషు అక్షరాలు, అంకెలుగా మార్చి రాసే పద్ధతి. ‘--ఓన్లీ-వాల్యూస్’ అని అడిగితే తెలుగే చూపిస్తుంది. మరీ పురాణం రాయకు. ఈఎక్స్‌టీ4 అనే డిస్కు పద్ధతిలో ఒక ఫైలు చీటీలన్నిటికీ కలిపి దొరికే చోటు మామూలుగా 4,096 బైట్ల బ్లాకు, దానికి కాస్త అటూ ఇటూ. మన లిపిలో ఒక్కో గుర్తుకు మూడేసి బైట్లు; క, పొల్లు, ష, ఏత్వం కలిసిన ‘క్షే’ ఒక్కటే పన్నెండు తింటుంది.

అసలు భయం మోసుకెళ్లేటప్పుడే. వట్టి సీపీ ఆదేశంతో కాపీ చేస్తే చీటీలు రాలిపోతాయి, -ఏ పెట్టాలి. ఆర్‌సింక్ అనే కాపీ సాధనానికి -ఏ కూడా చాలదు, పెద్ద ఎక్స్ కలపాలి. ఫ్యాట్ పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లోనైతే చీటీలకు చోటే లేదు. నేను రెండు నెలలు కూర్చుని రాసినవి అలాగే పోయాయి. చెప్పాపెట్టకుండా పోయాయి!

అందుకే, దసరాకు వచ్చే ముందు దస్తావేజుల ఫోల్డరులో నిలబడి, చదివే ఆదేశానికి పెద్ద ఆర్, చిన్న డీ, ఒక చుక్క ఇచ్చి, వచ్చినదంతా ఒక ఫైలులో పడేయి. ఫైళ్లతో పాటు దాన్నీ పెన్‌డ్రైవ్‌లో తీసుకురా. ఇక్కడ నా డిస్కులోకి ఎక్కించాక, ఆ ఫోల్డరులోనే నిలబడి, కట్టే ఆదేశానికి ‘--రీస్టోర్=’ పక్కన ఆ జాబితా పేరు ఇస్తే చీటీలన్నీ తిరిగి కూర్చుంటాయి. జాబితా తీశాక ఫైళ్ల పేర్లు మాత్రం మార్చకు, జాబితా వాటిని పేరుతోనే గుర్తుపడుతుంది. ఆ దండకాలేవో జాబితా తీయకముందే, ఇప్పుడే కుదించు.

నీ మామయ్య