స్కూజ కాదమ్మా, స్కూజి

అమ్మాయీ, ఆశీస్సులు.

ఇటాలియన్‌లో ముందు ఆజ్ఞలు పట్టు. కౌంటర్ ముందు నిలబడగానే నోటికి రావలసినవి అవే.

మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్ళకు తూ, లేయ్ ఉన్నాయి. కానీ మన ‘మీరు’ బహువచనం, లేయ్ పక్కన వచ్చేది ఏకవచన క్రియ. మనవాళ్ళు మర్యాద అనుకుని ఒక్క మనిషితో ‘అస్పెత్తాతె’ అంటారు. దక్షిణ ఇటలీలో కొన్నిచోట్ల అది చెల్లినా, మామూలుగా అది నలుగురితో అనే ‘ఆగండి’.

చివరి అచ్చు చూడు. ‘ఆరె’తో ముగిసే క్రియల్లో తూకి అ, లేయ్‌కి ఇ: అస్పెత్త (ఆగు), అస్పెత్తి (ఆగండి). ‘ఎరె’, ‘ఇరె’ క్రియల్లో అది తిరగబడుతుంది: ప్రెంది (తీసుకో), ప్రెంద (తీసుకోండి). అందుకే ‘క్షమించు’ అనడానికి స్నేహితురాలితో స్కూజ, ట్రామ్‌లో పెద్దాయనతో స్కూజి. వద్దనేటప్పుడు తూకి ‘నోన్’ పక్కన క్రియ మూలరూపమే రావాలి. ‘మాట్లాడకు’ అంటే నోన్ పర్లారె. ‘నోన్ పర్ల’ తప్పు. లేయ్‌కి మాత్రం నోన్ పర్లి. ‘నాకు చెప్పు’ దిమ్మి. మర్యాదగా అయితే ‘మి’ ముందుకొచ్చి మి దీక అవుతుంది. దిమ్మిలో మకారం ఒత్తి పలుకు, మన నోటికి అదేం కష్టం కాదు.

భూతకాలానికి రెండు ముక్కలు కావాలి. అవేరె (కలిగి ఉండడం; ‘నేను’కి ఒ) గానీ ఎస్సెరె (ఉండడం; ‘నేను’కి సోనొ) గానీ ముందు, తర్వాత ఆతొ, ఊతొ, ఈతొలతో ముగిసే రూపం. తిన్నాను: ఒ మంజాతొ. వెళ్ళడం, రావడం, చేరడం, పుట్టడం లాంటివి ఎస్సెరెతో వస్తాయి. కదలికంతా ఎస్సెరే అనుకోకు: నడిచాను అంటే ఒ కమ్మినాతొ.

నువ్వు జారేది ఇక్కడే. తెలుగులో ‘వెళ్ళాను’ ఆడా మగా ఇద్దరికీ ఒకటే. అక్కడ నువ్వు సోనొ అందాత అనాలి, మీ తమ్ముడు సోనొ అందాతొ. అలాగని ‘తిన్నాడు, తిన్నది’ చూసి ‘ఒ మంజాత’ అనకు. అవేరెతో కర్త లింగం పట్టదు. ‘నాకు పిజ్జా నచ్చింది’ మాత్రం అచ్చం మన వాక్యమే: మి ఎ ప్యచూత ల పిత్స. నచ్చిన వస్తువే కర్త, దాన్ని బట్టే చివర అ.

ఈ ఆతొ, ఊతొ, ఈతొలకు లొంగని మొండి రూపాలు కంఠస్థం చెయ్యక తప్పదు: ఫారెకు (చేయడం) ఫత్తొ, దీరెకు (చెప్పడం) దెత్తొ, లెజ్జెరెకు (చదవడం) లెత్తొ, ప్రెందెరెకు (తీసుకోవడం) ప్రేసొ. నోట్‌బుక్‌లో ఏ క్రియనూ ఒంటరిగా రాయకు. ‘ఒ ఫత్తొ’, ‘సోనొ అందాత’ అని జంటగానే రాయి, రోజుకు ఐదు చాలు.