భారత పాస్‌పోర్టుతో దక్షిణ కొరియాలో ఇంగ్లిష్ టీచర్ కావచ్చా?

కావచ్చు, కానీ దారి ఇరుకు: బీఈడీ లాంటి ఉపాధ్యాయ అర్హత ఉన్నవారు అక్కడి బడుల్లో సహాయ ఉపాధ్యాయులుగా చేరే వీలు మాత్రమే ఉంది.

భాషా బోధనకు ఇచ్చే ఈ-2 వీసాను ఇంగ్లిష్ విషయంలో కొరియా ప్రధానంగా ఏడు దేశాల పౌరులకే కేటాయించింది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా. మీ ఇంగ్లిష్ ఎంత చక్కగా ఉన్నా ముందు చూసేది పాస్‌పోర్టునే. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం వల్లే మనకు ఆ కాస్త సందు దొరికింది.

ఉదాహరణకు, పాలమూరు విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఆపై ఇంగ్లిష్ మెథడాలజీతో బీఈడీ చేసిన మహబూబ్‌నగర్ యువతి బడిలో సహాయ ఉపాధ్యాయ పోస్టుకు ప్రయత్నించవచ్చు. పట్టాలపై అపోస్టిల్ ముద్ర, అంటే అవి విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ, వేయించుకోవాలి. చేరాక తరగతిలో కొరియన్ టీచర్‌తో కలిసి పాఠం చెప్పాలి. హగ్వాన్ అనే ప్రైవేటు ట్యూషన్ కేంద్రాలకు మాత్రం ఈ వెసులుబాటు వర్తించదు.

చాలామంది పొరబడేది ఇక్కడే: ఇంగ్లిష్ మాతృభాష కానివారికి ఆ భాష బోధించడంలో శిక్షణనిచ్చే ఆన్‌లైన్ టెఫెల్ కోర్సు సర్టిఫికెట్ ఉంటే చాలనుకుంటారు. అది పాఠం చెప్పడం నేర్పుతుందేమో గానీ వీసా నిబంధనను మార్చదు.