దసరాకూ కార్తీక పౌర్ణమికీ మధ్య: కొత్తగా స్కూబా డైవింగ్ నేర్చుకున్నవారు ఎక్కడికి వెళ్ళాలి?

గుంటూరు నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. ఆయనా, ఆయన భార్యా నిరుడు స్కూబాలో తొలి మెట్టు అయిన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేశారు. ఇప్పటికి చెరి ఆరు డైవ్‌లు మాత్రమే చేశారు. ఆమెకు నీటిలో దిగేటప్పుడు చెవులు సర్దుకోవడం (నీటి పీడనానికి తగ్గట్టు చెవి లోపలి ఒత్తిడి సమం కావడం) కొంత ఆలస్యమవుతుంది. దసరా సెలవులు మొదలుకొని కార్తీక పౌర్ణమి లోపల ఒక వారం వీలు దొరుకుతుంది. అండమాన్, మాల్దీవులు, బాలి, కర్ణాటకలోని నేత్రాణి, ఈ నాలుగింటిలో దేనికి వెళ్ళాలని అడుగుతున్నారు.

నేను విజయవాడవాసిని. నలభై దాటాక ఈ విద్య నేర్చుకున్నాను. శిక్షకుణ్ణి కాను కానీ ఈ నాలుగు చోట్లలో మూడింటిలో నీళ్ళలోకి దిగాను, అందులో ఒకచోట దిగకూడని వేళలో దిగాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. దసరా సెలవుల్లోనే వెళ్ళాలంటే బాలి ద్వీపపు ఈశాన్య తీరంలోని తులంబెన్‌కు వెళ్ళండి. అంత ఖర్చు వద్దనుకుంటే కార్తీక పౌర్ణమి గడువును ఒక వారం జరుపుకొని, కార్తీక బహుళంలో నేత్రాణికి వెళ్ళండి. అండమాన్‌ను జనవరి తరవాతకు వాయిదా వేయండి. మాల్దీవులకు మరో ఇరవై డైవ్‌లు చేశాక వెళ్ళవచ్చు.

శరదృతువు అనగానే మనకు తేటపడిన ఆకాశమూ, నిండు వెన్నెలా గుర్తుకొస్తాయి. మన సముద్రానికి మాత్రం అది తేటపడే కాలం కాదు. దసరా సెలవుల్లో పిల్లలను తీసుకొని సూర్యలంకకు వెళ్ళినవారు గమనించే ఉంటారు, మోకాలి లోతు నీటిలో నిలబడితే మన కాలివేళ్ళు మనకే కనిపించవు. హంసలదీవి దగ్గర కృష్ణ కలిసే చోట ఎర్రనీరు సముద్రంలోకి చాలా దూరం చారలా సాగి ఉంటుంది. ఆపైన అక్టోబర్‌లో ఈశాన్య రుతుపవనాలు ప్రవేశిస్తాయి. బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా పుట్టేదీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన ఈ రుతువులోనిదే. 2014 అక్టోబర్ 12న విశాఖ మీద విరుచుకుపడిన హుద్‌హుద్ అంతకు నాలుగు రోజుల ముందు అండమాన్ దీవుల మీదుగానే వచ్చింది. అందువల్ల ఋషికొండ, పుదుచ్చేరి దగ్గరే కదా, ఒక రాత్రి ప్రయాణమే కదా అన్న ఆలోచనను ఈ రెండు నెలలపాటు పక్కన పెట్టడం మంచిది.

అండమాన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతం నుంచి వెళ్ళేవారిలో ఎక్కువమంది మొదట అనుకునేది దాన్నే. నేనూ అదే అనుకున్నాను. కొన్నేళ్ళ క్రితం పదకొండు డైవ్‌ల అనుభవంతో, దీపావళి సెలవు కలిసి వస్తుందని, గన్నవరం నుంచి చెన్నై మీదుగా పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు దాని పేరు శ్రీవిజయపురం), అక్కడి నుంచి హావ్‌లాక్‌కు (అది ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) వెళ్ళాను. చేతిలో అయిదు రోజులే ఉన్నాయి. వాయుగుండం కారణంగా దీవుల మధ్య తిరిగే పడవలను ఆపేయడంతో మొదటి రెండు రోజులూ రేవు దగ్గర లాడ్జిలో కూర్చొని వాన చూస్తూ గడిచిపోయాయి. మూడో రోజు హావ్‌లాక్ చేరేసరికి, పోయిన రోజులను ఎలాగైనా రాబట్టుకోవాలన్న ఆత్రం నాలోనూ ఉంది, నన్ను తీసుకెళ్ళిన డైవింగ్ సెంటర్ వారిలోనూ ఉంది. చేసిన డైవ్‌ల వివరాలు రాసుకునే నా లాగ్‌బుక్ అడిగినవారు లేరు. మరునాడు పొద్దున్నే, శిఖరమే పద్దెనిమిది మీటర్ల లోతులో ఉండే ఒక రాతిగుట్ట దగ్గరికి పడవ వెళ్ళింది.

ఆ మాట కొత్తవారికి స్పష్టంగా అర్థం కావాలి. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ మనకు ఇచ్చే అనుమతి పద్దెనిమిది మీటర్ల వరకే. అంటే నాకు అనుమతి ఉన్న చివరి గీత దగ్గర ఆ గుట్ట మొదలవుతుంది. దాని చుట్టూ నేల ఇంకా చాలా కింద ఉంది. లంగరు తాడు పట్టుకొని దిగుతూ ఉంటే ప్రవాహం ఒంటిని అడ్డంగా పట్టి లాగింది, గాలికి రెపరెపలాడే జెండాలాగా తాడుకు వేలాడాను. రెండు చేతులూ తాడుకే సరిపోయాయి కనుక ముక్కు పట్టుకొని చెవులు సర్దుకోవడానికి చేయి ఖాళీ లేదు. కంగారులో ఊపిరి వేగం పెరిగింది. ఇరవై మీటర్ల లోతులో పీడనం ఉపరితలం మీద ఉండేదానికి మూడింతలు ఉంటుంది, కాబట్టి ఒక్కో శ్వాసకూ మూడింతల గాలి ఖర్చవుతుంది. సిలిండర్‌లో రెండు వందల బార్ (గాలి పీడనపు కొలత) తో దిగినవాణ్ణి, పన్నెండు నిమిషాలకు గేజ్ చూసుకుంటే తొంభై చూపించింది. మమ్మల్ని నీటిలో నడిపించే డైవ్ మాస్టర్‌కు చేతి సైగతో తెలిపాక ఇద్దరం పైకి బయలుదేరాము. ఒంట్లో చేరిన నైట్రోజన్ కొంత బయటికి పోవడానికి అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి కదా, ఆ మూడు నిమిషాలూ మళ్ళీ అదే తాడుకు వేలాడుతూ గడిపాను. అక్కడ బరాకుడా అనే చేపల గుంపు ఉందని పడవ ఎక్కాక తోటివారు చెబితే తెలిసింది. నాకు కనిపించినదల్లా తాడుకు పట్టిన నాచు మాత్రమే.

హావ్‌లాక్‌లో కొత్తవారికి అనువైన చోట్లు లేవని దీని అర్థం కాదు. ఒడ్డు నుంచే నడిచి దిగే నెమో రీఫ్ ఉంది, లైట్‌హౌస్ అనే మరో మంచి చోటు ఉంది. గాలివానలు తగ్గి నీరు తేరుకునే జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడికి నిశ్చింతగా వెళ్ళవచ్చు. దోషం దీవులది కాదు, నేను వెళ్ళిన వారానిది. ఆ వారంలో నేను పట్టించుకోని విషయం మరొకటి ఉంది, అది మన పంచాంగంలోనే ఉంది.

అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేస్తుంది కనుక ఆటుపోట్లు పెద్దవిగా ఉంటాయి. ఆ తిథులు దాటిన ఒకటి రెండు రోజుల దాకా ఆ జోరు తగ్గదు. ఆటుపోట్లు పెద్దవైతే రాతిగుట్టల చుట్టూ, దీవుల మధ్య ఇరుకు దారుల్లో ప్రవాహమూ బలంగా ఉంటుంది. అష్టమి నాటి సగం చంద్రుడి తరవాత, అంటే ఇంచుమించు నవమి, దశమి, ఏకాదశి రోజుల్లో ఆటుపోట్ల తేడా బాగా తగ్గి నీరు మందగిస్తుంది. నేను తాడుకు వేలాడింది దీపావళి అమావాస్య వెళ్ళిన వెంటనే. మీరు గడువుగా పెట్టుకున్న కార్తీక పౌర్ణమి కూడా అలాంటిదే. విజయదశమి మాత్రం దశమే కనుక దసరా పండుగ చివరి రోజులు ఈ లెక్కకు చక్కగా సరిపోతాయి. స్థానికంగా గాలి, నేలవాలు కూడా ప్రవాహాన్ని మారుస్తాయి కాబట్టి క్యాలెండర్ ఒక్కటే చాలదు. అయినా టికెట్లు కొనే ముందు గోడ మీది క్యాలెండర్ చూడడానికి ఖర్చేమీ లేదు.

మాల్దీవుల విషయంలో నా సందేహమంతా ఈ ప్రవాహం గురించే. వీసాకు ముందుగా తిరగనక్కరలేదు, నీరు వెచ్చగా ఉంటుంది, నవంబర్‌కు వానలు తగ్గుముఖం పడతాయి. కానీ అక్కడి పేరుపొందిన డైవ్‌లలో చాలా భాగం పగడపు వలయాలను చీల్చుకొని సముద్రం లోపలికీ బయటికీ పారే ఇరుకు కాలువల్లో జరుగుతాయి. కృష్ణలో ఈదగలను కదా అన్న ధైర్యం అక్కడ పనికిరాదు. వలయం లోపలి నిస్సారమైన దిబ్బల మీద మాత్రమే దించుతామని ఎవరైనా అంటే, అంత డబ్బు పోసి అక్కడిదాకా వెళ్ళడం దేనికనిపిస్తుంది.

థాయ్‌లాండ్‌లోని కో తావ్ గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు తప్పక సూచిస్తారు. కొత్తవారికి అది ప్రసిద్ధమైన చోటే అయినా నవంబర్‌లో ఆ వైపు తీరానికి వానకాలం.

ఇక నేత్రాణి. అరేబియా సముద్రంలో, మురుడేశ్వర్ తీరానికి సుమారు పందొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న దీవి. నైరుతి రుతుపవనాలు వెళ్ళిపోయాక, అక్టోబర్ ప్రాంతంలో అక్కడ డైవింగ్ మొదలవుతుంది. మొదటి వారాల్లో నీరు ఇంకా మసకగానే ఉంటుంది. నవంబర్ రెండో సగానికి తేటపడుతుంది, అందుకే కార్తీక బహుళం అన్నాను. మనకు అమరావతి ఎక్స్‌ప్రెస్ విజయవాడ, గుంటూరు మీదుగానే హుబ్లీకి వెళుతుంది, అక్కడి నుంచి బస్సులోనో కారులోనో ఘాట్ దిగాలి. పడవ ప్రయాణం గంటకు పైమాటే కాబట్టి వాంతులు అయ్యేవారు ముందుగానే మాత్ర వేసుకోవాలి. కార్తీకంలో మురుడేశ్వర్‌కు శివభక్తుల రద్దీ ఉంటుంది, గది ముందే చెప్పి ఉంచాలి. మా అత్తగారు ఈ ప్రయాణానికి అభ్యంతరం చెప్పకపోవడానికి ఏకైక కారణం ఆ గుడే అని ఇక్కడ ఒప్పుకోవాలి.

నేత్రాణి నుంచి తిరుగు ప్రయాణంలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మధ్యాహ్నం డైవ్ ముగించి సాయంత్రానికల్లా ఘాట్ ఎక్కి హుబ్లీ రైలు అందుకోవాలని చూస్తారు. హుబ్లీ సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైన ఉంది. లోతులో ఒంట్లోకి చేరిన నైట్రోజన్ పూర్తిగా బయటికి పోకముందే ఎత్తు ప్రదేశానికి వెళితే, విమానం ఎక్కినప్పటి ప్రమాదమే కొంత మేరకు ఇక్కడా ఉంటుంది. ఒక్క డైవ్ తరవాత కనీసం పన్నెండు గంటలు, వరుసగా రెండు మూడు రోజులు చేసినవారు పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదన్నది అందరూ పాటించే నియమం. నేనైతే ఒక రోజు పూర్తిగా వదిలేస్తాను. మురుడేశ్వర్‌లోనే ఆ రాత్రి పడుకోండి. బాలిలోనూ ఇంతే, తులంబెన్ నుంచి తిరిగి వస్తూ అదే రోజు కింతామణి కొండల మీదికి తీసుకెళతానని డ్రైవర్ అంటే వద్దనండి.

తులంబెన్‌కు నేను ఎందుకు మొగ్గు చూపుతున్నానో చెబుతాను. అక్టోబర్‌లో బాలిలో వానకాలం ఇంకా పూర్తిగా మొదలు కాదు. ఆ ఒడ్డుకు ముప్ఫై, నలభై మీటర్ల దూరంలోనే లిబర్టీ అనే అమెరికా సరుకు ఓడ మునిగి ఉంది. 1942లో జపాన్ జలాంతర్గామి దాన్ని టార్పెడోతో కొడితే లాక్కొచ్చి ఒడ్డుకు చేర్చారు, 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఒడ్డు నుంచి జారి నీటిలో పడింది. ఓడ పైభాగం అయిదారు మీటర్ల లోతులోనే మొదలవుతుంది, అడుగు ముప్ఫై మీటర్ల దాకా పోతుంది. అంటే ఆరు డైవ్‌లు చేసినవారూ, ఆరు వందలు చేసినవారూ తమతమ లోతుల్లో అదే ఓడను చూడవచ్చు. పడవ లేదు, లంగరు తాడు లేదు. నచ్చకపోతే వెనక్కి తిరిగి నడుచుకుంటూ ఒడ్డెక్కవచ్చు, ఇది కొత్తవారికి ఎంత పెద్ద సదుపాయమో నాకు హావ్‌లాక్ తరవాతే తెలిసింది. ఒడ్డంతా నల్లని గుండ్రాళ్ళు, బరువుతో నడుస్తుంటే చీలమండలు మెలిపడతాయి. ఆ ఊరి ఆడవాళ్ళు మాత్రం సిలిండర్లను తలమీద చుట్టకుదురు పెట్టి మోసుకుంటూ అవే రాళ్ళ మీద చకచకా నడిచిపోతారు. బాలిలోనే నుసా పెనిదా దీవికి, మోలా అనే పెద్ద చేప కనిపిస్తుందని, తీసుకెళతామంటారు. అక్కడ నీరు చల్లన, ప్రవాహం ఉద్ధృతం, మీకిప్పుడు వద్దు.

ఎక్కడికి వెళ్ళినా డబ్బు కట్టే ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. ఒక గైడ్ వెంట ఎంతమంది దిగుతారు, నలుగురికి మించితే వద్దు. మొదటి రోజు ఏ చోటికి తీసుకెళతారు, అక్కడ నేల ఎంత లోతులో ఉంటుంది, ప్రమాదం జరిగితే వాడే ప్రాణవాయువు సిలిండర్ అందుబాటులో ఉంటుందా. మీ లాగ్‌బుక్ వారు అడుగుతారో లేదో కనిపెట్టండి. మీరు చివరిసారి దిగి ఏడాది అయింది కాబట్టి, ముందుగా ఈతకొలనులో ఒక రిఫ్రెషర్ (నేర్చినదాన్ని గుర్తుచేసే అభ్యాసం) చేయిస్తామని వారే అంటే అది మంచి సూచన. జలుబు చేస్తే మాత్ర వేసుకొని దిగవద్దు. మందు ప్రభావం నీటి అడుగున తగ్గితే, పైకి వచ్చేటప్పుడు చెవిలో చిక్కుకున్న గాలి బయటికి రాక నొప్పి భరించలేనిదవుతుంది.

మీ శ్రీమతి చెవుల విషయానికి వస్తే, తులంబెన్ వైపు నేను మొగ్గడానికి అదే అన్నిటికన్నా బలమైన కారణం. నిష్పత్తి లెక్కలో పీడనం ఉపరితలం దగ్గరే ఎక్కువగా మారుతుంది, మొదటి పది మీటర్లలోనే రెట్టింపవుతుంది. తాడు మీద తలకిందుగా జారే బదులు, ఇసుకవాలు వెంట అరమీటరు దిగి ఆగి, ముక్కు పట్టుకొని మెల్లగా ఊది, సర్దుకోకపోతే కొంచెం పైకి వచ్చి మళ్ళీ దిగే వీలు అక్కడ ఉంటుంది. నొప్పి వచ్చాక ఊదడం కాదు, నొప్పి రాకముందే ప్రతి అరమీటరుకూ ఊదాలి. నా భార్యకూ ఇదే ఇబ్బంది. తులంబెన్‌లో ఆ మొదటి అయిదు మీటర్లు దిగడానికి ఆమెకు ఎనిమిది నిమిషాలు పట్టింది. గైడ్ ఆమె ఎదురుగా ఇసుక మీద మోకాళ్ళ మీద కూర్చొని, ఆమె వేలు ఎటు చూపితే అటు కదులుతూ, ఒక్కసారి కూడా ఓడ వైపు తిరిగి చూడలేదు.