పిల్లల కాగితం మీద చెయ్యి పెట్టకు

అమ్మాయీ,

వారానికొకసారి బీద పిల్లలకు బొమ్మలు నేర్పడానికి ఒప్పుకున్నావనీ, అప్పుడే ముప్ఫై రంగుల పెట్టెలు కొనేశావనీ రాశావు. సంతోషం. రంగుల సంగతి తర్వాత, ముందు నా పొరపాటు ఒకటి విను.

నేనూ అలాంటి పిల్లలకు నేర్పడానికి వెళ్లిన కొత్తలో ఒక పిల్లవాడు గీసిన ఆవుకు కాళ్లు వంకరగా ఉన్నాయని పెన్సిలు తీసుకుని దిద్దాను. చక్కని ఆవు తయారైంది. వాడు దాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. తనది కాని బొమ్మ వాడికెందుకు? సొంతమని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేని పిల్లలకు ఆ కాగితమే ఆస్తి. ఏదైనా చూపించాలంటే వేరే కాగితం మీద గీసి, వెంటనే చించెయ్యి. లేకపోతే గది నిండా నీ ఆవులే మేస్తాయి.

నాలుగేళ్ల వాళ్లు తలకే కాళ్లు తగిలించి మనిషంటారు. ఆ వయసులో చాలామంది గీసే తీరే అది, దిద్దకు. "ఇదేమిటి?" అనకుండా "దీని గురించి చెప్పు" అను. చెప్పకపోతే ఊరుకో. ఎవరైనా నల్లరంగు తప్ప ముట్టకపోతే కంగారుపడి అర్థాలు వెతకకు. ఆ రంగు కొట్టొచ్చినట్టు కనబడుతుందనే వాడుతుండవచ్చు. కానీ ఇంట్లో దెబ్బల మాట ఏదైనా నోటితో చెబితే మాత్రం నీలోనే దాచుకోకు, అక్కడి బాధ్యులకు ఆ రోజే చెప్పు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హిట్లర్ నాజీలు నడిపిన టెరెజిన్ నిర్బంధ శిబిరంలో ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి పిల్లలకు బొమ్మలు నేర్పింది. బొమ్మల మీద వాళ్ల పేర్లు వాళ్లచేతే రాయించేది. 1944లో ఆమెను నాజీల మరణ శిబిరమైన ఆష్విట్జ్‌కు తరలించారు. రెండు సూట్‌కేసుల్లో దాచిన దాదాపు 4,500 బొమ్మలు మిగిలాయి. ఆ పిల్లల్లో చాలామంది బతకలేదు. నువ్వూ పేరు రాయించు. రాయడం రానివాళ్లు తమకు నచ్చిన గుర్తు పెడతారు. వాళ్లనూ పెద్దవాళ్లనూ అడగకుండా ఫొటోలు తీయకు, బొమ్మలు ఎవరికీ ఇవ్వకు.

రబ్బరు దాచెయ్యి, చేతికిస్తే కాగితం చిరిగేదాకా రుద్దుతారు. విరిగిన క్రేయాన్ పారెయ్యకు, పై కాగితం ఒలిచి అడ్డంగా రుద్దితే ఆకాశమంతా నిమిషంలో నిండుతుంది. నోటుపుస్తకం కాగితం నీటిరంగులకు ముడుచుకుపోతుంది, దాని మీద క్రేయాన్లే వాడించు. నీటిరంగులైతే ఎరుపు, పసుపు, నీలం చాలు. ఆకుపచ్చ ఎలా వస్తుందో నువ్వు చెప్పకు. పసుపులో నీలం పడ్డ క్షణంలో పుట్టే గోల కోసమే నేను ఇన్నేళ్లు వెళ్లాను.

రాలేని వారం ఉంటే ముందే చెప్పు.

ఆ ముప్ఫై పెట్టెలు విప్పకుండా ఉంటే ఇరవై వాపసు ఇచ్చి, మందపాటి కాగితం కొను.

ఆశీస్సులతో,
నీ డ్రాయింగు మాస్టారు