సిగ్నల్ ఫుల్లే, నెట్టే నిలవడం లేదు

ప్రశ్న: మా కాలేజీలో వైఫై రోజుకు పదిసార్లు తెగిపోతోంది. సిగ్నల్ గీతలు మాత్రం ఫుల్లుగా ఉంటాయి. యాక్సెస్ పాయింట్లు (వైఫై వదిలే పెట్టెలు) పెంచాం, మూడు బ్లాకులకు మూడు పేర్లు పెట్టాం. కనెక్ట్ కానివాళ్లను సర్టిఫికెట్ దగ్గర ‘తనిఖీ వద్దు’ అని పెట్టుకోమని వాట్సాప్ గ్రూపులో చెప్పాం. ఇంకేం చేయాలి?
– ఓ ల్యాబ్ అసిస్టెంట్, విజయనగరం

జవాబు: మొన్న శ్రీకాకుళం నుంచి ఓ ఆస్పత్రివాళ్లు, అంతకుముందు రాజాం నుంచి ఓ ఆఫీసువాళ్లు ఇదే రాశారు. నెట్ తెగితే ఇంకో పెట్టె కొని గోడకు తగిలించడం, అదే అందరి వైద్యం.

గీతల్ని నమ్మకండి. సిరిమాను జాతర రోజున మైకు పట్టుకున్నాయన మాట ఊరంతా వింటుంది. జనంలోంచి మీరు అరిస్తే ఆయనకు వినపడుతుందా? పవర్ ఫుల్లుగా పెట్టిన యాక్సెస్ పాయింటూ అంతే. దాని మాట ఫోన్‌కి అందుతుంది, ఫోన్ మాట దానికి అందదు. పవర్ తగ్గించండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని 1, 6, 11 ఛానెళ్లు చాలు. వీలైనన్ని ఫోన్లను 5 గిగాహెర్ట్జ్ మీదకు పంపండి.

మూడు పేర్లు మాత్రం కోరి తెచ్చుకున్న తలనొప్పి. పేరు వేరైతే ఫోన్‌కి అది వేరే నెట్‌వర్కే. పాత బ్లాక్ సిగ్నల్ పూర్తిగా చచ్చేదాకా దాన్నే పట్టుకుని వేలాడుతుంది. పైగా ఇప్పటి ఫోన్లు ఒక్కో వైఫై పేరుకు మారుపేరులా ఒక్కో మ్యాక్ అడ్రస్ (ఫోన్ గుర్తింపు నంబరు) చూపిస్తాయి. మూడు బ్లాకులకూ ఒకే పూల్ (ఫోన్లకు పంచడానికి ఉంచిన ఐపీ చిరునామాల మూట) అయితే ఒక్క కుర్రాడి ఫోనే మూడు ఐపీలు పట్టుకుపోతుంది. చిన్న పూల్‌లో ఉండేవే 254. లీజు (ఐపీని ఒక ఫోన్‌కే ఉంచే గడువు) 8 రోజులని వదిలేస్తే (విండోస్ సర్వర్‌లో డిఫాల్ట్ అదే) సోమవారం వచ్చిన ఫోన్ ఐపీ ఆ వారమంతా ఖాళీ కాదు. ఫోన్ ‘ఐపీ అడ్రస్ తీసుకుంటోంది’ దగ్గరే ఆగిపోతుంటే ముందు ఇక్కడే చూడండి. ఒకే పేరు, కొన్ని గంటల లీజు, పెద్ద పూల్ పెట్టండి.

అసలు నాకు టెన్షన్ పుట్టించింది మీ వాట్సాప్ మెసేజ్. సర్టిఫికెట్ అంటే ‘నేను మీ కాలేజీ సర్వర్‌నే’ అని చూపించే గుర్తింపు కార్డు. దాన్ని చూడొద్దని మీరే చెప్పాక, గేటు ఎదుట టీ బడ్డీలో చిన్న పెట్టె పెట్టుకుని అదే పేరుతో వైఫై వదిలినవాడికి ఫోన్లు లాగిన్ వివరాలు పంపేస్తాయి. సెట్టింగ్‌ని బట్టి పాస్‌వర్డ్ నేరుగానే చిక్కొచ్చు, లేదా తర్వాత తీరిగ్గా ఛేదించొచ్చు. మార్కులు ఎక్కించే లెక్చరర్‌ది మెయిల్‌కీ అదే పాస్‌వర్డ్ అయ్యుంటుంది. ఇంకో సంగతి. డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిలో మేనేజ్‌మెంట్ ఫ్రేములకు (ఫోన్‌ని నెట్‌కి కలిపే, విడదీసే మెసేజ్‌లకు) రక్షణ ఆన్ చేయకపోతే, దొంగ మెసేజ్‌తో ఎవరి ఫోన్‌నైనా నెట్ నుంచి తోసేయొచ్చు. అలా తోసి, తన నకిలీ వైఫైకి లాక్కోవచ్చు. దాని తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3లో ఈ రక్షణ తప్పనిసరి చేశారు. కొన్ని కొత్త ఫోన్లలో ‘తనిఖీ వద్దు’ ఆప్షనే తీసేశారు. ఫోన్ పాడైందని మీవాళ్లు తిట్టుకునే ఉంటారు, కానీ ఫోన్ కంపెనీలు చేసిందే సరైన పని.

ఆ మెసేజ్ ఈ రోజే తీసేయండి. సర్టిఫికెట్ సరిగ్గా ఎక్కించి, అందరి పాస్‌వర్డులూ మార్పించండి. పవర్, ఛానెళ్లు సోమవారం చూసుకోవచ్చు.