అమెరికా నగరాల అద్దెలపై పరిశోధన: అప్పుకు ముందు ఆరు నెలల పని

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎంఏ ఎకనామిక్స్ చివరి ఏడాది చదువుతోంది. అమెరికా నగరాల్లో ఇళ్ల అద్దెలు, గృహ విధానాల మీద పరిశోధన చేస్తానంటోంది. అక్కడ అర్బన్ ప్లానింగ్‌లో మాస్టర్స్‌కు అప్పు చేసి పంపమంటారా? ఈ చదువుకు ఉద్యోగాలుంటాయా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: రంగం గట్టిదేనండీ. అప్పు సంగతి మాత్రం ఇప్పుడే తేల్చకండి. ముందు ఒక ఆరు నెలలు మీ అమ్మాయి ఇక్కడే ఉండి, ఒక అమెరికా నగరం మీద 15, 20 పేజీల పరిశోధనా వ్యాసం పూర్తి చేయాలి. అందుకు కావలసిన డేటాలో ఎక్కువ భాగాన్ని అమెరికా ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. అందరికీ అందుబాటులో ఉన్న ఆ అంకెల నుంచి ఒక చిన్న ప్రశ్నకు తప్పుల్లేని జవాబు రాబట్టగలదా అన్నదే ప్రొఫెసర్లూ, పరిశోధనా సంస్థలూ చూసేది. డిగ్రీ పేరు ఆ తర్వాతి మాట.

ముందు రంగం స్వరూపం చూద్దాం. ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటి ఖర్చుకే పోతే ఆ కుటుంబం అద్దె భారం మోస్తున్నట్టు అమెరికాలో లెక్కిస్తారు. సగానికి మించితే అది తీవ్ర భారం. హార్వర్డ్‌లోని జాయింట్ సెంటర్ ఫర్ హౌసింగ్ స్టడీస్ లెక్క ప్రకారం 2022లో అద్దెకుంటున్న కుటుంబాల్లో సగం, అంటే దాదాపు 2.24 కోట్ల కుటుంబాలు ఈ 30 శాతం గీత దాటాయి. అర్హత ఉంటే చాలు, సాయం అందుతుందనుకోకూడదు. ఫెడరల్ అద్దె సాయానికి అర్హత ఉన్న ప్రతి నాలుగు కుటుంబాల్లో సుమారు ఒక్కదానికే అది దక్కుతోంది. 1974 చట్టంతో మొదలైన సెక్షన్ 8 అద్దె సాయానికీ, 1986 పన్ను చట్టంతో వచ్చిన లో-ఇన్‌కమ్ హౌసింగ్ ట్యాక్స్ క్రెడిట్‌కూ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అద్దె ఇళ్లు కట్టేవారికిచ్చే పన్ను రాయితీకి) డబ్బు వాషింగ్టన్ నుంచే వస్తుంది. ఏ స్థలంలో ఎన్ని ఇళ్లు కట్టవచ్చో తేల్చేది మాత్రం నగరాలు. ఆ జోనింగ్ అధికారాన్ని సుప్రీంకోర్టు 1926లో యూక్లిడ్ కేసులో సమర్థించింది. ఇటీవల రాష్ట్రాలూ కల్పించుకుంటున్నాయి: స్థలానికి ఒకే ఇల్లు అన్న నిబంధనను సడలిస్తూ ఒరెగాన్ 2019లో, కాలిఫోర్నియా 2021లో చట్టాలు చేశాయి. ఏ నిర్ణయం ఏ అంచెలో జరుగుతుందో తెలిసి రాసిన దరఖాస్తుకూ, ‘ఇళ్ల సమస్య పరిష్కరించాలనుంది’ అని రాసిన దరఖాస్తుకూ తేడా మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

ఇక వ్యాసం. మొత్తం అమెరికా మీద రాయొద్దు. మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాలు ఒక విద్యార్థికి దొరకగల మంచి అంశం. పక్కపక్కనే ఉన్న ఈ రెండు నగరాలూ మూడేళ్ల తేడాతో వేర్వేరు దారులు పట్టాయి. మినియాపోలిస్ కౌన్సిల్ 2018 డిసెంబరులో 2040 ప్రణాళికను ఆమోదించి, ఇళ్లుండే ఏ స్థలంలోనైనా మూడు యూనిట్ల దాకా, అంటే మూడు కుటుంబాలకు విడివిడి వాటాలు, కట్టుకోనిచ్చింది. బస్సు, రైలు మార్గాల వెంట ఇంకా ఎత్తైన భవనాలకు వీలిచ్చింది. కొత్త భవనానికి ఇన్ని కార్లకు చోటు చూపాల్సిందేనన్న నిబంధనను 2021లో ఎత్తేసింది. అదే ఏడాది నవంబరులో సెయింట్ పాల్ ఓటర్లు అద్దె పెంపును ఏడాదికి 3 శాతానికి పరిమితం చేశారు. ఆ పరిమితి మొదట కొత్త భవనాలకూ, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన ఇళ్లకూ కూడా వర్తించింది. 2022 మేలో అది అమల్లోకి వచ్చింది. సెప్టెంబరులో కౌన్సిల్ కొత్త కట్టడాలకు 20 ఏళ్ల మినహాయింపు ఇచ్చింది.

మినియాపోలిస్ గురించి ప్యూ అనే పరిశోధనా సంస్థ ఇచ్చిన లెక్క చాలాచోట్ల కనిపిస్తుంది: 2017–2022 మధ్య ఇళ్ల సంఖ్య 12 శాతం పెరిగింది, అద్దెలు 1 శాతమే పెరిగాయి, మిగతా మిన్నెసోటాలో అద్దెలు 14 శాతం పెరిగాయి. దీన్ని మూడు యూనిట్ల నిబంధన ఘనతగా రాసేవాళ్లున్నారు. అది పొరపాటు. కొత్త ఇళ్లలో అధిక భాగం పెద్ద అపార్ట్‌మెంట్ భవనాల్లో వచ్చాయి, మూడు యూనిట్ల ఇళ్లు కొద్దిగానే లేచాయి. పైగా ఆ కాలంలోనే కొవిడ్ వచ్చింది, 2020 మేలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ఆ నగరం అల్లకల్లోలమైంది. ఇళ్లు పెరిగి అద్దె ఆగిందా, అడిగేవాళ్లు తగ్గి ఆగిందా అన్నది విడదీయకుండా ఏ ముగింపూ రాయకూడదు.

కాబట్టి ప్రశ్నను ఇంకా కుదించాలి. ‘2021 నవంబరు ఓటు తర్వాత సెయింట్ పాల్‌లో కొత్త ఇళ్ల అనుమతులు ఎలా మారాయి? 2022 సెప్టెంబరు సవరణ తర్వాత కోలుకున్నాయా?’ ఇంతే చాలు. అమెరికా సెన్సస్ బ్యూరో బిల్డింగ్ పర్మిట్స్ సర్వేలో నగరాల వారీగా నెలనెలా అంకెలు దొరుకుతాయి. అద్దెలకు అదే బ్యూరో ఏటా జరిపే అమెరికన్ కమ్యూనిటీ సర్వే పట్టికలున్నాయి: మధ్యస్థ అద్దెకు బి25064, ఆదాయంలో అద్దె వాటాకు బి25070. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో టైడీసెన్సస్ ప్యాకేజీ, ఒక ఉచిత ఏపీఐ కీ (డేటా దించుకోవడానికి బ్యూరో ఇచ్చే కోడ్) ఉంటే ఈ పట్టికలు నిమిషాల్లో చేతికొస్తాయి. మ్యాపులకు క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం.

ఇక్కడే రెండు గోతులున్నాయి. ఒకటి: 200 ఇళ్ల భవనానికి ఒకే నెలలో అనుమతి వస్తే ఆ నెల అంకె ఆకాశానికంటుతుంది, మరుసటి నెల సున్నా కనిపిస్తుంది. అందుకని మూడు నెలలకోసారి కూడి చూడాలి, ఓటుకు ముందు కనీసం ఐదేళ్ల అంకెలు పెట్టాలి. రెండోది ఎక్కువమంది గమనించనిది. సెయింట్ పాల్ వదిలేసిన బిల్డర్ నది దాటి మినియాపోలిస్‌లో కడితే, ఒకచోట తగ్గింది, ఇంకోచోట పెరిగింది. ఒకదానిలోంచి ఇంకోదాన్ని తీసివేసి తేడా చూస్తే చట్టం ప్రభావం అసలుకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. అందువల్ల పోలికకు మినియాపోలిస్ ఒక్కటే చాలదు, దూరంగా ఉన్న మిల్వాకీ లాంటి నగరాలనూ చేర్చాలి.

ఇలాంటి పని ఎంత శ్రద్ధగా చేయాలో తెలియాలంటే రెబెకా డైమండ్, టిమ్ మెక్‌క్వేడ్, ఫ్రాంక్లిన్ చియన్ 2019లో ప్రచురించిన శాన్‌ఫ్రాన్సిస్కో అధ్యయనాన్ని వరుస వరుసా చదవాలి. అక్కడ 1994లో ఓటర్లు అద్దె నియంత్రణను చిన్న భవనాలకు విస్తరించారు, అదీ 1980కి ముందు కట్టినవాటికే. ఆ గీతకు ఇటూ అటూ ఉన్న భవనాలను పోల్చడమే ఆ అధ్యయనం బలం. రక్షణ పొందినవాళ్లు అదే ఇంట్లో నిలిచే అవకాశం పెరిగింది. యజమానులు మాత్రం అద్దెకిచ్చే ఇళ్లను 15 శాతం తగ్గించుకున్నారు, నగరమంతటా అద్దెలు 5.1 శాతం పెరిగాయి. ఒకే చట్టం కొందరిని నిలబెట్టింది, ఇంకొందరికి భారమైంది. రెండూ నిజాలే. రెండింటినీ ఒకే పేజీలో రాయగల నిజాయితీ అలవడితే మీ అమ్మాయి సగం పరిశోధకురాలైనట్టే.

పట్టికలు పట్టుబడ్డాక అదే సర్వే కుటుంబాల స్థాయి డేటాలోకి వెళ్లాలి. మిన్నెసోటా విశ్వవిద్యాలయం నడిపే ఐపమ్స్ అనే డేటా భాండాగారంలో పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా ఇస్తారు. కొత్తవాళ్లు తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే. ఆ ఫైలులో ఒక్కో వరుస ఒక్కో మనిషి. నలుగురున్న ఇంటి అద్దె నాలుగుసార్లు కనిపిస్తుంది. ఇంటికి ఒక్క వరుసే ఉంచి, మనుషుల వెయిట్ కాకుండా కుటుంబాల వెయిట్ (ఆ వరుస ఎన్ని కుటుంబాలకు ప్రతినిధో చెప్పే అంకె) వాడాలి. ఆదాయం గడిలో 9999999 అని ఉంటే అది కోటి డాలర్లు కాదు, ‘వర్తించదు’ అనే కోడ్. తీసేయకపోతే సగటు పేలిపోతుంది. అద్దె గడిలో సున్నా కూడా అలాంటిదే. ఐదేళ్ల సర్వేలు కలిపి ఇచ్చే అంచనాలు వాడితే 2015–19ని 2017–21తో పోల్చకూడదు, మూడేళ్లు రెండింట్లోనూ ఉన్నాయి. 2020 ఒక్క ఏడాది అంచనాలను సెన్సస్ బ్యూరో ప్రయోగాత్మకంగానే విడుదల చేసింది, వాటిని పక్కన పెట్టాలి. పట్టికలో అంకె పక్కనుండే మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పేది) 90 శాతం నమ్మకానిది, దాన్ని 1.645తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ వస్తుంది. చిన్న ప్రాంతాల్లో ఈ మార్జిన్ అసలు మార్పుకన్నా పెద్దదై ఉంటుంది.

వీటన్నింటికన్నా లోతైన తప్పు ఇంకోటి. ఒక నగరంలో అద్దె భారం తగ్గిందంటే అక్కడివాళ్ల బతుకు తేలికైందని అర్థం కాకపోవచ్చు. అద్దె కట్టలేనివాళ్లు ఊరు వదిలిపోయి, వాళ్ల చోట ఎక్కువ జీతగాళ్లు చేరినా ఆ శాతం తగ్గుతుంది. అందుకే అద్దె భారంతోపాటు ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు అన్నదీ చూపాలి. ఇంకో మాట: కమ్యూనిటీ సర్వేలో ఏళ్లుగా అదే ఇంట్లో ఉన్నవాళ్ల అద్దెలూ కలిసుంటాయి. ఇళ్ల ప్రకటనల వెబ్‌సైట్ జిల్లో ఉచితంగా ఇచ్చే సూచీ మార్కెట్లో ఇప్పుడు అడుగుతున్న అద్దెలది. రెండూ వేర్వేరు కథలు చెబితే కంగారు పడనక్కర్లేదు, కానీ ఏది ఎందుకు వాడుతున్నదో రాయాలి.

ఇప్పుడు చదువు. అర్బన్ ప్లానింగ్ మాస్టర్స్ రెండేళ్లు. పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఫీజే ఏడాదికి 50,000 డాలర్లు దాటడం మామూలు. ఆ డిగ్రీ నగర కార్యాలయాల్లో ప్లానర్లను తయారు చేయడానికి ఉద్దేశించింది. పరిశోధనే లక్ష్యమైతే అప్పుతో ఆ దారి పట్టడం మీ అమ్మాయికి నప్పదు. ఎకనామిక్స్, పబ్లిక్ పాలసీ లేదా ప్లానింగ్‌లో పీహెచ్‌డీకి సీటొస్తే మంచి విభాగాల్లో ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్ ఉంటాయి, ఐదేళ్లో ఆరేళ్లో పడుతుంది. 2025 నుంచి ఫెడరల్ పరిశోధన నిధుల కోతల వల్ల కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించుకున్నాయి, పోటీ పెరిగింది. ఎకనామిక్స్ పీహెచ్‌డీకి రియల్ అనాలిసిస్, లీనియర్ అల్జీబ్రా అనే గణిత సబ్జెక్టుల మార్కులు అడుగుతారు. అవి లేకపోతే ఎంఏ ముగిసేలోపు చదవాలి. నేరుగా సీటు రాకపోతే ప్రొఫెసర్ దగ్గర ఏడాదో రెండేళ్లో జీతంతో చేసే ప్రీ-డాక్టోరల్ రీసెర్చ్ అసిస్టెంట్ ఉద్యోగాలున్నాయి. అక్కడ ఎంపికకు డేటా పరీక్ష పెడతారు. పైన చెప్పిన వెయిట్లు, కోడ్‌ల తప్పులు చేయని మనిషే అక్కడ నెగ్గుతుంది.

మాస్టర్సే ఖాయమనుకుంటే, చేరేముందు ఆ కోర్సు సిప్ కోడ్ (అమెరికాలో కోర్సులకిచ్చే వర్గీకరణ సంఖ్య) అడిగి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాతో సరిచూడండి. స్టెమ్ అయితే చదువయ్యాక పనిచేయనిచ్చే 12 నెలల ఓపీటీకి ఇంకో 24 నెలలు కలుస్తాయి. ఎకనామెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ 45.0603 ఆ జాబితాలో ఉంది. ఒకే పేరున్న రెండు కోర్సులకు రెండు కోడ్‌లు ఉండొచ్చు, పేరు చూసి నమ్మొద్దు.

ఉద్యోగాల్లో ఫెడరల్ గృహ శాఖ, సెన్సస్ బ్యూరో సాధారణంగా పౌరులనే తీసుకుంటాయి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. విశ్వవిద్యాలయాలు, లాభాపేక్ష లేని పరిశోధనా సంస్థలు హెచ్-1బీ లాటరీ పరిమితిలోకి రావు. కాబట్టి అర్బన్ ఇన్‌స్టిట్యూట్, బర్కిలీలోని టెర్నర్ సెంటర్, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని ఫర్మన్ సెంటర్ తరహా చోట్లు విదేశీ విద్యార్థులకు ముఖ్యం. నగర ప్లానింగ్ ఆఫీసుకు మామూలుగా ఆ మినహాయింపు ఉండదు. 2025 సెప్టెంబరు ఆదేశంతో దేశం బయటి నుంచి కొత్తగా హెచ్-1బీ తెచ్చుకునేవారి కోసం యజమాని లక్ష డాలర్లు కట్టాల్సిన నిబంధన వచ్చింది. ఆఫర్ చేతికొచ్చిన రోజున అమల్లో ఉన్న నిబంధనను న్యాయవాది దగ్గర ఖాయం చేసుకోవాలి. గోప్యమైన సెన్సస్ డేటా మీద పనిచేయాలంటే విదేశీయులు గత ఐదేళ్లలో మూడేళ్లు అమెరికాలో ఉండాలన్న షరతుంది. పీహెచ్‌డీ అంశం ఎంచుకునేటప్పుడు అది గుర్తుంచుకోమనండి.

పీహెచ్‌డీ గడువులు ఎక్కువగా డిసెంబరులో ఉంటాయి. సిఫార్సు లేఖ రాసే ప్రొఫెసర్‌కు వ్యాసం సెప్టెంబరులోగా చేరాలి, చదివి సరిదిద్దే వ్యవధి ఆయనకు కావాలి. వ్యాసంతోపాటు కోడ్ ఫైళ్లు కూడా ఇవ్వమనండి. వేరొకరు వాటిని మొదటినుంచి నడిపితే అవే అంకెలు రావాలి. ఆరు నెలల తర్వాత ఈ పని మీద మీ అమ్మాయి మనసు నిలవకపోతే, నేర్చుకున్న ఆర్, వెయిట్ల లెక్క, పోలిక పద్ధతులు మన జాతీయ శాంపుల్ సర్వే డేటా మీద పనిచేసే హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ పరిశోధనా సంస్థల్లో అలాగే పనికొస్తాయి. బ్యాంకుకు వెళ్లాలా వద్దా అన్నది అప్పుడు ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.