టెక్ సందేహాలు: రాయి నలుపా, కెమెరాకు చూపు లేదా?

ప్రశ్న: మాది ఒంగోలు, బీటెక్ చివరి సంవత్సరం. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలకల మీద పగుళ్లు పట్టుకునే రోబోను గజీబో సిమ్యులేటర్‌లో (రోబోను కంప్యూటర్‌లోనే నడిపి చూసే ప్రోగ్రామ్) తయారు చేస్తున్నాం. రోబో చక్కగా నడుస్తోంది కానీ కెమెరా చిత్రం నల్లగా వస్తోంది. స్నేహితుడి కంప్యూటర్‌లో చిత్రం వచ్చింది గానీ, రాతిలోని బంగారు చుక్కలు నీలంగా కనిపించాయి. తప్పు ఎక్కడ?

జవాబు: తప్పులు రెండు, ఒకదానికొకటి సంబంధం లేనివి. అసలే నల్లరాయిని ఎంచుకున్నారు కాబట్టి ముందు రాయిని పక్కన పెట్టి, కెమెరా ఎదుట ఓ తెల్ల పెట్టె ఉంచండి. పెట్టె కనిపిస్తే కెమెరా బాగున్నట్టే, లోపం మీ రాతి మెటీరియల్‌లో, అంటే ఉపరితలం ఎలా కనిపించాలో చెప్పే అమరికలో ఉంది. మెరుపు కోసం మెటల్‌నెస్ (లోహపు గుణం) విలువను 1కి పెంచి ఉంటారు. చుట్టూ ప్రతిఫలించడానికి ఏమీ లేని ఖాళీ ప్రపంచంలో అలాంటి ఉపరితలం చీకటిగానే కనిపిస్తుంది. గ్రానైట్ లోహం కాదు, ఆ విలువను 0 చేసి రఫ్‌నెస్ (గరుకుదనం) తగ్గించండి, నునుపు వస్తుంది.

పెట్టె కూడా కనిపించకపోతే వరల్డ్ ఫైలు (రోబో తిరిగే ప్రపంచాన్ని వర్ణించే ఫైలు) తెరవండి. సొంతంగా రాసుకున్న ఫైళ్లలో సూర్యుణ్ణి పెట్టడం మరిచిపోయేవాళ్లు చాలామంది. వెలుతురు ఉంటే కెమెరా ఎక్కడ కూర్చుందో చూడండి. గజీబో కెమెరా తన ఎక్స్ అక్షం వైపు చూస్తుంది. దాన్ని రోబో శరీరం మధ్యలో బిగిస్తే సొంత ఒళ్లే చూపుకు అడ్డం వస్తుంది. కొన్ని సెంటీమీటర్లు బయటికి జరపండి.

నల్ల చిత్రం రావడం వేరు, అసలు చిత్రమే రాకపోవడం వేరు. గజీబో సొంత ఇమేజ్ డిస్‌ప్లేలో కనిపిస్తూ ఆర్‌విజ్‌లో (రోబో సాఫ్ట్‌వేర్ ఆర్‌ఓఎస్‌లో డేటాను చూపే ప్రోగ్రామ్) కనిపించకపోతే, గజీబో సందేశాలను ఆర్‌ఓఎస్‌కు చేరవేసే బ్రిడ్జ్‌నూ, ఆ తర్వాత సందేశాలు ఎంత కచ్చితంగా చేరాలో చెప్పే క్యూఓఎస్ అమరికనూ అనుమానించాలి. పంపేవైపు ‘బెస్ట్ ఎఫర్ట్’ (చేరితే చేరినట్టు), అందుకునేవైపు ‘రిలయబుల్’ (తప్పక చేరాలి) అని ఉంటే ఒక్క ఫ్రేమ్ కూడా చేరదు. గజీబోలోనూ రాకపోతే వరల్డ్ ఫైల్లో సెన్సర్స్ సిస్టమ్ ప్లగిన్ (కెమెరా వంటి సెన్సర్లను నడిపే అదనపు భాగం) ఉందో లేదో చూసుకోండి. వర్చువల్ మెషీన్‌లో నడుపుతుంటే గ్రాఫిక్స్ మీదా అనుమానం పెట్టుకోవాలి. గజీబోలో చిత్రాలు గీసే ఓగ్రే 2 రెండరింగ్‌కు ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ ప్రమాణం కనీసం 3.3 అయినా ఉండాలి. ఇంకో మాట: పాత గజీబో క్లాసిక్‌కు మద్దతు 2025 జనవరితో ముగిసింది. నెట్‌లో దొరికే పాఠాల్లో చాలా దాని కోసం రాసినవే. వాటిలోని ప్లగిన్ పేర్లను కొత్త గజీబోలో అతికిస్తే పనిచేయవు.

ఇక నీలం చుక్కలు. బంగారు రంగు విలువలు 255, 215, 0 అనుకోండి. ఎరుపు, నీలం తారుమారైతే 0, 215, 255 అవుతుంది, అంటే ఆకాశనీలం. గజీబో ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) వరుసలో పంపుతుంది, చిత్రాలను విశ్లేషించే ఓపెన్‌సీవీ లైబ్రరీ బీజీఆర్ (నీలం, ఆకుపచ్చ, ఎరుపు) అనుకుని చదువుతుంది. ఆర్‌ఓఎస్ చిత్రాన్ని ఓపెన్‌సీవీకి అందించే సీవీ బ్రిడ్జ్‌తో మార్చేటప్పుడు ‘బీజీఆర్8’ కావాలని అడిగితే చాలు. దీపాల రంగు మార్చి సరిదిద్దాలని చూడకండి, తర్వాత అసలు రాయి ముందు మీ ప్రోగ్రామే తికమకపడుతుంది.

ప్రశ్న: నెల్లూరు నుంచి. వరి చేలో తిరిగే రోబోకు డెప్త్ కెమెరా (దూరాన్ని కొలిచేది) పెట్టాను. పాయింట్ క్లౌడ్‌లో (అది కొలిచిన చుక్కల త్రీడీ చిత్రం) నేల గోడలా నిలువుగా లేచి నిలబడుతోంది.

జవాబు: రోబో శరీరానికి ఎక్స్ ముందుకు, వై ఎడమకు, జెడ్ పైకి. కెమెరా ఆప్టికల్ ఫ్రేమ్‌కు (చిత్రాన్ని లెక్కించే అక్షాలకు) జెడ్ ముందుకు, ఎక్స్ కుడికి, వై కిందికి. ఈ రెండూ కలగలిసినందుకే నేల నిలువుగా లేస్తోంది. యూఆర్‌డీఎఫ్‌లో (రోబో భాగాలను వర్ణించే ఫైలు) కెమెరా లింక్‌కు (భాగానికి) ఇంకో ఖాళీ లింక్ తగిలించి, రెంటినీ కలిపే జాయింట్‌కు రోల్, పిచ్, యా వరుసలో మైనస్ 1.5708, 0, మైనస్ 1.5708 రేడియన్ల తిప్పుడు ఇవ్వండి. కెమెరా సందేశాల ఫ్రేమ్ పేరుగా ఆ కొత్త లింక్ పేరే ఉండాలి.

ప్రశ్న: కావలి నుంచి. గజీబో కెమెరాకు 60 డిగ్రీల దృష్టికోణం కోసం ఫైల్లో 60 అనే రాయాలా?

జవాబు: వద్దు, అక్కడ లెక్క రేడియన్లలో. 1.047 అని రాయండి. చిత్రం వెడల్పు 640 పిక్సెళ్లయితే ఫోకల్ లెంగ్త్ సుమారు 554 పిక్సెళ్లు రావాలి. కెమెరా వివరాలు పంపే ‘కెమెరా ఇన్ఫో’ సందేశంలో ఆ అంకె కనిపిస్తే కోణం సరిపోయినట్టే.